నీరెండ వేరు, మెత్తని వెలుగు వేరు: విశాఖ తీరంలో సాయంత్రం పిట్టల ఫోటోలు

చలికాలం సాయంత్రం కెమెరా భుజాన వేసుకుని విశాఖ బీచ్ రోడ్డుకు వచ్చేవాళ్లకు తరచూ ఒకే అనుభవం ఎదురవుతుంది. డిసెంబరు మొదట్లో సూర్యాస్తమయం 5:20కి. గంట ముందే వద్దామని నాలుగుంబావుకు చేరుకుంటారు. తడి ఇసుక మీద పిట్టలుంటాయి, అలలుంటాయి, పెద్ద లెన్సూ ఉంటుంది. అయిదు కాకముందే ఎండ మాయం. రోడ్డవతలి అపార్ట్‌మెంట్ల నీడ ఇసుకంతా పరుచుకుంటుంది. దూరంగా సముద్రం మీద మాత్రం ఎండ ఇంకా పచ్చగా కాస్తూనే ఉంటుంది. లైట్ పోయిందని కెమెరా బ్యాగులో పెట్టేసి, మురీ మిక్స్చర్ బండి వైపు నడిచేవాళ్లే ఎక్కువ.

నిజానికి అప్పుడు పోయింది నీరెండ మాత్రమే. మెత్తని వెలుగు అప్పుడే మొదలైంది. ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్లే నీటిపిట్టల ఫోటోల్లో సగం చెడిపోతాయి. విశాఖలో ఆ పొరపాటుకు నష్టం ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే ఈ ఊరి కొండలూ తీరం వాలూ నీరెండను త్వరగా లాగేసుకుని మెత్తని వెలుగును మాత్రం ధారాళంగా వదులుతాయి.

రంగు ఒకటి, మెత్తదనం ఇంకొకటి

నీరెండ అంటే పొద్దునా సాయంత్రం ఏటవాలుగా కాసే, ఒంటికి చురుక్కుమనని ఎండ. ఫోటోగ్రాఫర్లు గోల్డెన్ లైట్ అనేది దీన్నే. సూర్యుడు దిగంతానికి ఆరు డిగ్రీల ఎత్తుకు దిగేసరికి, నడినెత్తిన ఉన్నప్పటికన్నా దాదాపు తొమ్మిదింతల గాలిని దాటుకుని కిరణం కంటికి చేరుతుంది. దారిలో నీలం చెదిరిపోతుంది, పసుపూ ఎరుపూ మిగులుతాయి. గాలిలో దుమ్ము ఉంటే ఆ రంగు ఇంకా ముదురుతుంది. ఆ వేళకు మనవాళ్లు గోధూళి అని పేరు పెట్టారు. ఆవుల డెక్కల దుమ్ము లెక్కలోకి తీసుకునే పెట్టారేమో.

అయితే రంగు మారినంత మాత్రాన వెలుగు మెత్తబడదు. వెలుగు వచ్చే చోటు ఎంత పెద్దదిగా ఉంటే నీడ అంచు అంత మెత్తగా ఉంటుంది. సూర్యబింబం మధ్యాహ్నమైనా సాయంత్రమైనా ఆకాశంలో అర డిగ్రీ వెడల్పే. అందుకే నీరెండలో నిలబడ్డ తెల్లకొంగను దగ్గరగా చూస్తే మెడ నీడ రెక్క మీద గీత గీసినట్టు పడి ఉంటుంది. ఎండ తీవ్రత తగ్గి, ఆకాశం నుంచి వచ్చే వెలుగు ఆ నీడను కొంత నింపుతుంది కాబట్టి మధ్యాహ్నమంత కరుకుగా అనిపించదు, అంతే.

అదే కొంగ కొండ నీడలోకో మేడ నీడలోకో వచ్చిందనుకుందాం. అప్పుడు దానికి దీపం సూర్యుడు కాదు, ఆకాశమంతా. నీడ అంచులు కరిగిపోతాయి. ఛాతీ మీది సన్నని ఈకలు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తాయి. కంట్లో మెరుపు సూదిమొనలా కాకుండా వెడల్పాటి పాలచుక్కలా ఉంటుంది. స్టూడియోలో మనిషి ముఖానికి పెద్ద గొడుగు అడ్డుపెట్టి సాధించేది ఇక్కడ కైలాసగిరి కొండ ఊరికే ఇస్తుంది.

ఇక్కడ గోల్డెన్ అవర్ అరగంట లోపే

నీరెండ కాసే వేళకు వాడే గోల్డెన్ అవర్ అన్న మాట చలిదేశాల లెక్క. లండన్‌లో డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు పదిహేడు డిగ్రీలకు మించి పైకి రాడు. అక్కడ చివరి ఆరు డిగ్రీలు దిగడానికి దాదాపు గంట పడుతుంది కాబట్టి ఆ పేరు సరిపోయింది. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు: చలికాలంలో గంటకు 13 డిగ్రీలు, మార్చిలోనూ సెప్టెంబరులోనూ 14 దాటి. అంటే ఆ ఆరు డిగ్రీలకూ పట్టేది 25 నుంచి 28 నిమిషాలు. గంట అనుకుని తీరిగ్గా ట్రైపాడ్ సర్దుకునేవాడికి అసలు ఘట్టం అయిపోయాక తెర లేచినట్టవుతుంది.

ఆ 28 నిమిషాలూ కూడా చదునైన నేల మీద లెక్క. విశాఖలో పడమటి దిక్కు చదును ఎక్కడుంది? రెండు కిలోమీటర్ల దూరంలో 200 మీటర్ల ఎత్తు కొండ ఉంటే అది ఆకాశంలో ఆరు డిగ్రీలకు కాస్త తక్కువ మేర కప్పేస్తుంది. అంటే నీరెండ మొత్తం కొండ వెనకే గడిచిపోతుంది. మేడలు కూడా తక్కువేం కాదు. సూర్యుడు ఆరు డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు 30 మీటర్ల భవనం నీడ దాదాపు 280 మీటర్లు సాగుతుంది. బీచ్ రోడ్డు మీద పదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచిన ప్రతిసారీ దాని ఎదుటి ఇసుకకు పొద్దు ముందే వాలుతోంది. రియల్ ఎస్టేట్ వాళ్లు సీ వ్యూ అని అమ్మేదానికి తడి ఇసుకలో మేసే ఉల్లంకి పిట్టలు కట్టే పన్ను ఇది.

కాబట్టి ఇక్కడ క్యాలెండర్‌లోని అస్తమయ వేళను అలాగే నమ్ముకుంటే కుదరదు. డిసెంబరు మొదట్లో 5:20, సంక్రాంతికి 5:40, ఫిబ్రవరి చివర్లో శివరాత్రి రోజులకు ఆరు దాటి, జులై మొదట్లో 6:35 ప్రాంతం. ఇవి సముద్రమట్టపు దిగంతానికి లెక్కలు. నిలబడబోయే చోట పడమటి వైపు ఎంత ఎత్తు అడ్డం ఉందో చూసుకోవాలి. చెయ్యి బారుగా చాపి పిడికిలి పడితే అది అడ్డంగా సుమారు పది డిగ్రీలు. కొండ అందులో సగం ఎత్తుంటే, క్యాలెండర్ వేళ కంటే ఇరవై నిమిషాల పైనే ముందుగా అక్కడ ఎండ పోతుంది.

తూర్పు తీరం కిటుకు

ఇంకో అరువు సలహా: సాయంత్రం సముద్రానికి ఎదురుగా నిలబడి, దిగుతున్న సూర్యుడి ముందు పిట్టను నల్లని నీడబొమ్మగా పట్టాలని. గోవాలోనో ముంబయిలోనో అది సులువు. విశాఖలో సూర్యుడు సముద్రంలో మునగడు, ఊరి మీదుగా కొండల వెనక్కి పోతాడు. ఇక్కడ నీటి మీద నీడబొమ్మ కావాలంటే చెరువుకు తూర్పు గట్టు మీద నిలబడాలి, లేదా పొద్దున్నే బీచ్‌కి రావాలి.

తూర్పు అనడం కూడా పూర్తిగా సరికాదు. విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది, సముద్రం ఆగ్నేయంగా ఉంటుంది. ఈ వాలే ఫోటోకు ప్రాణం. డిసెంబరులో సూర్యుడు నిక్కమైన పడమరకు 25 డిగ్రీలు దక్షిణంగా, అంటే నైరుతికి దగ్గరగా అస్తమిస్తాడు. ఆర్కే బీచ్‌లో నిలబడితే డాల్ఫిన్స్ నోస్ కొండకు కుడివైపుగా, ఓడరేవు దిక్కున. అప్పుడు తీరం గీతకూ సూర్యుడికీ మధ్య ఇరవై డిగ్రీల తేడానే ఉంటుంది. ఎండ తీరం పొడవునా దొర్లుకుంటూ వస్తుంది. జూన్‌లో సూర్యుడు పడమరకు 25 డిగ్రీలు ఉత్తరంగా జరుగుతాడు కాబట్టి ఎండ దాదాపు వీపు వెనక నుంచే సముద్రం వైపు పడుతుంది. సైబీరియా నుంచీ మధ్య ఆసియా నుంచీ వచ్చే ఉల్లంకులు, ప్లోవర్లు అనే పరుగుపిట్టలు ఇక్కడ ఉండేది సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా. అంటే వలసపిట్టలున్న నడిచలికాలంలోనే ఎండ పక్కవాటుగా వస్తుంది. ఇది అదృష్టమే, ఎందుకో గాలిని చూస్తే తెలుస్తుంది.

సాయంత్రం వేళ ఇక్కడ సాధారణంగా వీచేది సముద్రపు గాలి. పిట్ట గాలికి ఎదురుగా నిలబడుతుంది, వెనక నుంచి గాలి కొడితే ఈకలు రేగిపోతాయి. ఎగిరేదీ వాలేదీ కూడా గాలికి ఎదురుగానే. ఇప్పుడు ఎండను వీపున పెట్టుకుని సముద్రం వైపు కెమెరా ఎక్కుపెట్టినవాడి సంగతి చూడండి. పిట్ట కూడా సముద్రం వైపే చూస్తోంది. అతనికి దక్కేది తోక. ప్రతి పుస్తకమూ చెప్పే, ఎండ వీపున ఉండాలన్న సూత్రం ఇక్కడ పిట్ట ముఖాన్ని దాచేస్తుంది. చలికాలంలో ఎండ నైరుతి నుంచి వస్తుంటే ఆ సూత్రాన్ని పాటిస్తూనే ఈశాన్యంగా, తీరం పొడవునా చూడొచ్చు. సముద్రానికి ముఖం పెట్టిన పిట్ట అప్పుడు పక్కవాటుగా దొరుకుతుంది: ముక్కు, కన్ను, మెడ వంపు, అన్నీ. భీమిలి వైపు నడుస్తూ తీస్తే బాగుండి, తిరిగి వచ్చేటప్పుడు ఒక్కటీ బాగా రాలేదని వాపోయేవాళ్లకు కారణం ఇందులోనే ఉంది.

ఏ నిమిషానికి ఏ పిట్ట

వెలుగు తగ్గే క్రమానికీ పిట్టల స్వభావానికీ లంకె పెట్టుకుంటే సాయంత్రం వృథా కాదు. పిట్టల ఫోటోలకు ఎక్కువమంది వాడే 600 మిల్లీమీటర్ల జూమ్ లెన్సులు ఆ చివర ఎఫ్/6.3 కంటే పెద్దగా తెరుచుకోవు. నిండు నీరెండలో ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 800 పెడితే షట్టర్ సెకనులో ఎనిమిది వందో వంతు దాకా దొరుకుతుంది. సూర్యుడు దిగిన కాసేపటికి అదే ఐఎస్ఓలో నూరో వంతుకు పడిపోతుంది. అరగంటలో ఎనిమిదో వంతు వెలుగు. ఐఎస్ఓ పెంచి కొంత వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ ఎంతవరకు?

అందుకని పరుగుపిట్టలతో మొదలుపెట్టాలి. స్టింట్ అనే చిన్న ఉల్లంకి పాతిక గ్రాముల బరువుంటుంది, క్షణం నిలవదు. తల కుట్టుమిషన్ సూదిలా ఆడుతూనే ఉంటుంది. దానికి సెకనులో వెయ్యో వంతైనా కావాలి, అంటే ఎండ ఉన్నప్పుడే. ప్లోవర్లు కాస్త నయం. నాలుగడుగులు పరుగెత్తి, టక్కున ఆగి, వంగి పొడుస్తాయి. ఆగిన ఆ ఒక్క క్షణానికి అయిదు వందో వంతు సరిపోతుంది. పరుగులో తీయబోయి వంద ఫోటోలు పాడుచేసుకునేకంటే ఆగే తాళం కనిపెట్టడం మేలు.

ఎండ పోయాక కొంగలు. చిన్న తెల్లకొంగ నల్లని కాళ్ల చివర పసుపు వేళ్లతో అడుగుమట్టిని కలబెట్టి చేపపిల్లల్ని బెదరగొడుతుంది. అది నడిచేటప్పుడు రెండు వందల యాభయ్యో వంతు చాలు, కాటు వేసేటప్పుడు ఏదీ చాలదు. గుడ్డికొంగ, నారాయణ పక్షి అయితే ఇంకా మంచివి. కొంగజపం అని ఎగతాళి చేస్తాం గానీ ఆ జపమే చీకటి పడే వేళ ఫోటోగ్రాఫర్‌ని కాపాడుతుంది. కెమెరాను నేల మీద గుడ్డసంచికి ఆనించి పెడితే ముప్పయ్యో వంతులో కూడా నారాయణ పక్షి కదలకుండా వస్తుంది. ఆ సంచి ఖాళీగా తెచ్చుకోవచ్చు. నింపడానికి ఇసుక అక్కడ కరువా?

నేల మీద అన్నది ఊరికే అన్న మాట కాదు. నిలబడి తీసిన ఫోటోలో పిట్ట వెనక బురదే ఉంటుంది. పడుకుని, లెన్సును పిట్ట కంటి ఎత్తుకు దించితే వెనక ఉన్నదంతా దూరమై కరిగిపోతుంది. తడి ఇసుక అద్దంలా ఆకాశాన్ని పట్టి పిట్ట పొట్ట కింద కూడా వెలుగు నింపుతుంది. బట్టలు పాడవుతాయి, నిజమే.

తెలుపుతో తంటా

మన తీరంలో ఎక్కువగా దొరికేది తెల్లపిట్ట, కెమెరా ఎక్కువగా మోసపోయేదీ తెలుపు దగ్గరే. నల్లని బండల ముందు, ముదురు నీళ్ల ముందు కొంగ చిన్నదిగా ఉంటే కెమెరా మొత్తం చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది. కొంగ సున్నపుముద్ద అయిపోతుంది. అక్కడ ఒక స్టాప్ దాకా, అంటే వెలుగు సగమయ్యేదాకా, తగ్గించాలి. అదే కొంగ ఫ్రేము నిండా ఉంటే కెమెరా తెలుపును బూడిదరంగు చేయబోతుంది, కనుక పెంచాలి. ఇది చాలామందికి తెలిసిందే.

తక్కువమంది గమనించేది నీరెండలో ఎరుపు సంగతి. పసుపుఎండ పడిన తెల్లని ఈక మీద ఎరుపు చానల్ అన్నింటికన్నా ముందు నిండిపోతుంది. మొత్తం వెలుగును చూపే హిస్టోగ్రామ్ అనే గ్రాఫ్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఇంటికొచ్చి చూస్తే ఎండ పడిన వైపు ఈకల గీతలన్నీ చెరిగిపోయి నారింజరంగు మచ్చ మిగులుతుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్‌ను విడిగా చూపే ఏర్పాటు ఇప్పుడు చాలా కెమెరాల్లో ఉంది. సాయంత్రం చూడాల్సింది అదే. కెమెరా పట్టినదంతా దిద్దకుండా దాచే రా ఫైల్‌లో తీసినా పూర్తిగా పోయినదాన్ని వెనక్కి తేలేం. రంగును తనే సరిదిద్దే ఆటో వైట్ బ్యాలెన్స్ మీద కూడా కన్నేయాలి. నీరెండ పసుపును తప్పుగా భావించి దిద్దేస్తుంది. అంతసేపు కాచుకున్న రంగును కెమెరాయే కడిగేస్తే ఎలా? డేలైట్‌లో స్థిరంగా పెట్టడం మంచిది.

నీడలోకి వచ్చాక లెక్క తిరగబడుతుంది. దీపం నీలాకాశం కాబట్టి తెల్లకొంగ నీలంగా వస్తుంది. కొంత నీలం ఉంచితే సంధ్యవేళ అని తెలుస్తుంది, ఎక్కువైతే కొంగ చలికి వణుకుతున్నట్టు ఉంటుంది. ఎంత ఉంచాలన్నది అభిరుచి. అయితే మేడల నీడ కిందికి వచ్చిన మొదటి పది, పదిహేను నిమిషాల్లో వేరే చిక్కు ఉంది. పిట్ట నీడలో, వెనక సముద్రం ఎండలో ఉంటుంది. ఆ వెలుగు ముందు పిట్ట మసిబారుతుంది. ఎండానీడల గీత సముద్రంలోకి జరిగిపోయేదాకా ఓపిక పట్టాలి, లేదా వెనక కూడా నీడే ఉండే కోణం వెతుక్కోవాలి.

అసురసంధ్య వేళ తూర్పున

అస్తమయం అయ్యాక అందరూ పడమర చూస్తారు. విశాఖలో చూడాల్సింది తూర్పు. ఆకాశం తేటగా ఉన్న రోజుల్లో, సూర్యుడు దిగిన కొద్ది నిమిషాలకు సముద్రపు అంచున బూడిదనీలం పట్టీ ఒకటి లేస్తుంది. అది మబ్బు కాదు, భూమి నీడ. గాలి మీద పడిన భూఛాయ. దాని పైన గులాబీ పట్టీ. గాలిని దాటుకుంటూ ఎర్రబారిన పడమటి కాంతి తూర్పు గాలికి తగిలి వెనక్కి చెదరడం వల్ల వచ్చే రంగు అది. పది, పదిహేను నిమిషాల్లో నీలం పైకి పాకి గులాబీని మింగేస్తుంది.

పడమటి తీరం వాళ్లకు ఈ దృశ్యం ఊళ్ల మీద, చెట్ల వెనక తెగిపోతుంది. ఇక్కడ తెరిచిన సముద్రం మీద అడ్డం లేకుండా దొరుకుతుంది. పైగా అల వెనక్కి తీసిన తడి ఇసుక ఆ రెండు రంగుల్నీ కింద కూడా పరుస్తుంది. పడమటి ఆకాశపు మిగులు వెలుగు వీపు వెనక నుంచి పిట్ట మీద పడుతుంటుంది, నీడ ఎక్కడా కనపడదు. ఇంటింటా దీపాలు పెట్టే ఈ పావుగంటను మించిన మెత్తని వెలుగు ఈ తీరంలో ఇంకో వేళ దొరకదు. దీనికోసం నీరెండను వదులుకున్నా తప్పులేదు. ఎఫ్/6.3 దగ్గర ఐఎస్ఓ 1600కి మొదట్లో రెండు వందో వంతు షట్టర్ వస్తుంది, చివరకు యాభయ్యో వంతుకు దిగుతుంది. అందుకే నిలబడే పిట్టల్ని దీనికి మిగుల్చుకోమనేది. ఆర్కే బీచ్ వైపు హైమాస్ట్ లైట్లు వెలిగితే ఇసుక మీద రెండు రకాల రంగులు కలిసి ఫోటో పాడవుతుంది, కనుక ఊరికి ఎడంగా ఉండటం మంచిది.

చలికాలంలో ఊరి పొగా ఓడరేవు దుమ్మూ దిగంతం దగ్గర పేరుకుని ఉంటే గులాబీ పట్టీ వెలవెలబోతుంది. వాన కురిసి వెలిసిన మర్నాడు, ఉత్తరపు గాలి తోలిన రోజున, బాగుంటుంది.

ఎక్కడ, ఏ తిథికి

గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలి అలివి దగ్గర బురదా, ఇసుకతిన్నెలూ, లోతు లేని నీళ్లూ ఒకేచోట ఉంటాయి. తిన్నె ఆకారం ఏటా మారుతుంది కాబట్టి నిరుడు నిలబడ్డ చోటు ఈ ఏడు నీళ్లలో ఉండొచ్చు. ఊరి వెనక పావురాలకొండ ఉండనే ఉంది, నీడ కొంత ముందే వస్తుంది. మంగమారిపేట దగ్గర నీరు తీసినప్పుడు బండలు బయటపడతాయి. నాచు పట్టిన ఆ నల్లరాళ్ల మీద ముదురు బూడిదరంగు రీఫ్ కొంగ తిరిగితే ముక్కూ కాళ్లూ తప్ప వేరుగా కనపడదు. మెత్తని వెలుగులోనే దాని ఈకల రంగు తేలుతుంది. జాలర్లు అలివి వల లాగే చోట కొంగలు మనిషికి భయపడవు. పనికిరాని చేపలకోసం అడుగు దూరంలో కాచుక్కూర్చుంటాయి. చిన్న లెన్సుతో, వలతో మనుషులతో కలిపి తీయదగ్గ ఫోటో అది. వాళ్ల పనికి అడ్డం రాకూడదు, ముఖాలు పడేట్టయితే ఒక మాట అడగాలి.

ఉప్పునీరు వద్దనుకుంటే ముడసర్లోవ జలాశయం. చుట్టూ కొండలే కావడంతో ఎండ పెందరాళే పోతుంది, మెత్తని వెలుగు చాలాసేపు నిలుస్తుంది. 2018లో నీటి మీద పెట్టిన 2 మెగావాట్ల తేలే సౌరఫలకాలు ఫ్రేములోకి రాకుండా చూసుకోవాలి. దూరమైనా ఫర్వాలేదంటే అచ్యుతాపురం దగ్గర కొండకర్ల ఆవ. 2022 ఏప్రిల్ నుంచి అది అనకాపల్లి జిల్లాలో ఉంది. తాటిమానును తొలిచి చేసిన దోనెలు రెండేసి కలిపి కట్టి నీళ్లలోకి తీసుకెళ్తారు. దోనె మీద కంటి ఎత్తు బాగా దొరుకుతుంది గానీ ఊగుతుంది కాబట్టి నిదానపు షట్టర్ పనికిరాదు. ఎండ ఉండగానే తిరిగి, చీకటి పడబోయే వేళకు గట్టెక్కి తీయడం సరైన వరస.

తీరంలో ఆటుపోట్లు చూడకుండా బయలుదేరడం దండగ. విశాఖలో పోటుకూ ఆటుకూ మధ్య తేడా పౌర్ణమి, అమావాస్యల దగ్గర కూడా సుమారు ఒకటిన్నర మీటరే, కానీ వాలు తక్కువున్న అలివిలో ఆ మాత్రానికే ఎకరాల బురద బయటపడుతుంది. ఆటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పక్షం రోజులకు మళ్లీ అక్కడికే వస్తుంది. ఏ తిథినాడు సాయంత్రం అయిదుకు నీరు బాగా తీసిందో ఒకసారి రాసి పెట్టుకుంటే తర్వాతి పక్షంలో అదే తిథికి అదే వేళ దొరుకుతుంది. ఇంట్లో గోడకు వేలాడే తెలుగు క్యాలెండరే టైడ్ టేబుల్. ఇంకో మెలిక ఉంది. నీరు పూర్తిగా తీసి ఉన్నప్పుడు పిట్టలు దూరంగా నీటి అంచున ఉంటాయి. అప్పుడే పోటు మొదలై నీరు ఎక్కుతుంటే అంచుతో పాటు అవీ ఇటు జరుగుతాయి. పొడి ఇసుకలో ముందే పడుకుని ఉన్నవాడి దగ్గరికి అవే నడిచొస్తాయి. వెంటపడితే ఎగిరిపోతాయి. అలా ఎగిరిన ప్రతిసారీ పాతిక గ్రాముల పిట్ట వేసవిలో ఉత్తరానికి తిరిగి ఎగరడానికి దాచుకుంటున్న కొవ్వు కొంత ఖర్చవుతుంది.

కొన్నిచోట్ల పిట్టలున్నా కెమెరా తీయకూడదు. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరిది. నౌకాదళ స్థావరాలు, ఓడరేవు, విమానాశ్రయం చుట్టుపక్కల గురిపెట్టిన పొడవాటి లెన్స్ కొంగ కోసమే అని కాపలా ఉన్నవాళ్లను ఒప్పించడం తేలిక కాదు, ఒప్పుకోకపోవడం వాళ్ల తప్పూ కాదు. మార్చి తర్వాత చెరువుగట్ల మీద, బీడునేలల్లో తీతువులు నేల మీదే గుడ్లు పెడతాయి. రాళ్లకూ గుడ్లకూ తేడా తెలియదు. తలపైన చక్కర్లు కొడుతూ అదేపనిగా అరుస్తుంటే వచ్చిన అడుగుల్లోనే వెనక్కి తిరగాలి. చీకటి పడ్డాక, జనవరి నుంచి ఏప్రిల్ మధ్య, తాబేళ్లు గుడ్లకోసం ఇసుకెక్కుతాయి. దారికోసం టార్చి వేస్తే కిందికి, సన్నగా వేసుకోవాలి.

వెలుగు పూర్తిగా పోయే ముందు ఇంకో ఫోటో మిగులుతుంది. చీకటి పడేవేళకు తెల్లకొంగలు వరసలు కట్టి గూటిచెట్ల వైపు సాగిపోతాయి, నీటికి కాస్త పైనే. అప్పుడు షట్టర్‌ను ముప్పయ్యో వంతుకు దించి, కొంగతో పాటే కెమెరాను తిప్పుతూ నొక్కాలి. ఇరవైలో ఒక్కటి కుదరొచ్చు: తల నిలకడగా, రెక్కలు తెల్లని పొగలా, వెనక నీలం గీతలుగా సాగిపోయి. మిగతా పంతొమ్మిదీ డిలీట్ చేసేవే. అది అయ్యాక లెన్స్ మీద చేరిన ఉప్పుతుంపర్లను పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, ముందు తడిగుడ్డతో అద్ది తీయాలి. బురదలో ఉల్లంకులు అప్పటికీ మేస్తూనే ఉంటాయి. వాటికి ఆటు ముఖ్యం, పగలు కాదు.